ఆరో తీగ సి దాకా దిగితే: గేజ్ మార్పా, బారిటోనా, ఫ్యాన్ ఫ్రెట్టా?

మామూలు అకూస్టిక్ గిటార్ తీసుకుని అన్నిటికంటే లావైన ఆరో తీగను ఇ నుంచి సి కి దించి చూడండి. నాలుగు సెమీటోన్లు, అంటే నాలుగు ఫ్రెట్ల దూరం. తీగ వదులైపోయి కాస్త గట్టిగా మీటగానే ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే శ్రుతి హెచ్చుతుంది. అప్పుడు ఎక్కడో ఒక గిటార్ ఫొటో కంటపడుతుంది. మెట్లన్నీ, అంటే ఫ్రెట్లన్నీ, విసనకర్ర పుల్లల్లా ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. దాన్నే ఫ్యాన్ ఫ్రెట్ అంటారు. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. నాకూ అలాగే అయింది.

ఫ్యాన్ ఫ్రెట్ గిటార్ చేయించుకోవడం పెద్ద ఖర్చు, పెద్ద నిరీక్షణ. అంత దూరం వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, మీరు ఎక్కువగా వాయించే శ్రుతిలో ఒక్కో తీగ ఎన్ని సెమీటోన్లు దిగుతోందో, ఎక్కుతోందో రాయండి. బేరం సగం అక్కడే తెగిపోతుంది.

కాగితం ఏం చెబుతుంది

ఆరో తీగ నుంచి చెబితే మామూలు శ్రుతి ఇ ఎ డి జి బి ఇ. డాడ్‌గాడ్‌తో, అంటే డి ఎ డి జి ఎ డి తో మొదలుపెడదాం. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో గిటారిస్ట్ డేవీ గ్రాహం వల్ల ప్రాచుర్యంలోకి వచ్చిన శ్రుతి ఇది. గిటారిస్ట్ పియెర్ బెన్సుసాన్ దాదాపు తన సంగీతమంతా ఇందులోనే వాయిస్తాడు. కర్ణాటక సంగీతం చెవిలో ఉన్నవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. డి ని షడ్జమం అనుకుంటే కింది నుంచి తీగలు స ప స మ ప స, పక్కన తంబూరా పెట్టుకున్నట్టే. ఇప్పుడు కాగితం చూడండి. ఆరో తీగ రెండు సెమీటోన్లు దిగింది, రెండో తీగా మొదటి తీగా కూడా తలా రెండు దిగాయి, మధ్య మూడూ కదల్లేదు. అంటే ఇటు చివరా అటు చివరా సమానంగా దిగాయి. మందర తీగను, అంటే కింది స్వరాల లావు తీగను పొడుగు చేసి పై తీగను పొట్టి చేయడం ఫ్యాన్ ఫ్రెట్ చేసే పని. ఇక్కడ పై తీగ కూడా దిగిపోయింది కాబట్టి దాన్ని పొట్టి చేస్తే ఇంకాస్త వదులవుతుంది. డాడ్‌గాడ్ కోసమే ఫ్యాన్ ఫ్రెట్ కొంటానన్నవాళ్లను నేను ఆపే ప్రయత్నం చేస్తాను.

ఓపెన్ సి సంగతి వేరు. సి జి సి జి సి ఇ, అంటే స ప స ప స గ. ఆరో తీగ నాలుగు దిగింది, ఐదు, నాలుగు తీగలు రెండేసి దిగాయి, మూడోది ఉన్నచోటే ఉంది, రెండోది ఒకటి పైకి ఎక్కింది, మొదటిది కదల్లేదు. కింద పాతాళానికి, పైన అటకకు. సి జి డి జి సి డి లో కూడా దాదాపు ఇదే తీరు, కాకపోతే నాలుగో తీగ డి లోనే ఉంటుంది, మొదటి తీగ డి కి దిగుతుంది. కింద బాగా దిగి పైన నిలబడే ఇలాంటి శ్రుతులకే ఫ్యాన్ ఫ్రెట్ పుట్టిందనిపిస్తుంది.

ఇక ఆరు తీగలూ ఒకే మోతాదులో దిగితే, అంటే బి నుంచి బి దాకా ఐదేసి సెమీటోన్లు దిగే బారిటోన్ శ్రుతి అయితే, అక్కడ తీగలన్నిటికీ పొడవు కావాలి. ఏటవాలు మెట్లతో అంత అవసరం పడదు. ఆరో తీగ ఒక్కటే డి కి దిగే డ్రాప్ డి గురించి చెప్పడానికేమీ లేదు. ఆరో తీగ ఒక్కటి కొంచెం లావుది వేసుకోండి, గిటార్ మార్చకండి.

కొంచెం లెక్క, భయపడకండి

తీగ బిగువు మూడింటి మీద ఆధారపడుతుంది: శ్రుతి, పొడవు, మందం. ఒకే రకం తీగలో బిగువు ఈ మూడింటి వర్గానికి అనుగుణంగా మారుతుంది. ఇ ని డి కి దించితే బిగువులో దాదాపు 21 శాతం పోతుంది. సి కి దించితే 37 శాతం పోతుంది. తీగ వేలాడిపోవడానికి కారణం ఇదే.

పోయిన బిగువును పొడవుతో తిరిగి తెచ్చుకుందామని మొదట నేనూ అనుకున్నాను. నా భ్రమ తొలగింది ఈ లెక్క వేశాకే. మార్టిన్ కంపెనీ గిటార్ల పెద్ద స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 25.4 అంగుళాలు. అక్కడ 53 గేజ్ (అంగుళంలో వెయ్యింట 53 వంతుల మందం) తీగ ఇ లో ఎంత బిగువుగా ఉంటుందో, అదే తీగ డి లో అంత బిగువుగా ఉండాలంటే 28.5 అంగుళాల స్కేల్ కావాలి. సి లో అయితే 32 అంగుళాలు. అది పొట్టి బేస్ గిటార్ల 30 అంగుళాల స్కేల్‌ను కూడా దాటిపోతుంది. అలాంటి మెడ మీద ఫింగర్‌స్టైల్ వాయించే చేయి ఎవరికుందో నాకు తెలియదు.

మామూలు ఫ్యాన్ ఫ్రెట్ గిటార్‌లో మందర తీగ ఎంతుంటుంది? 26.5 అనుకుందాం. 25.4 నుంచి అక్కడికి వెళ్తే పెరిగే బిగువు 9 శాతం లోపే. గేజ్‌లో చెప్పాలంటే 53 బదులు 55 వేసుకున్నదానితో సమానం. ఈ మాట చాలామందికి చేదుగా ఉంటుంది గానీ నిజం. అదే 53 బదులు 60 గేజ్ వేస్తే బిగువు 28 శాతం పెరుగుతుంది. అంటే ఏ దారి ఎంచుకున్నా లావు తీగ తప్పదు. పొడవు దానికి తోడు మాత్రమే.

మరి ఆ ఒక్క అంగుళం కోసం అంత ఖర్చెందుకు? తీగ లావవుతున్న కొద్దీ బిరుసెక్కుతుంది. అప్పుడది తీగలా కాకుండా సన్నని కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. దాని పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు మోగే అనుస్వరాలు, ఉండాల్సిన చోటు కంటే హెచ్చుతాయి, నాదం మొద్దుబారుతుంది. పొడవు పెరిగితే ఆ బిరుసు ప్రభావం తగ్గి మందర స్వరం స్పష్టంగా మోగుతుంది. పియానోలో మందర తీగలు అంత పొడుగ్గా ఉండటానికీ ఇదే కారణం. ఇంట్లో పెట్టుకునే చిన్న పియానోల మందర స్వరాలు బురదగా వినిపిస్తాయని ఫిర్యాదు చేసేవాళ్లు ఈ సంగతి మీదే ఫిర్యాదు చేస్తున్నారు. కాబట్టి ఫ్యాన్ ఫ్రెట్ కొనేవాళ్లు కొంటున్నది నాద స్పష్టత. బిగువు దాని వెంట కొంచెం వస్తుంది, అంతే.

మొదటి దారి: ఉన్న గిటార్, కొత్త గేజ్

నా సలహా అడిగితే అందరూ ఇక్కడే మొదలుపెట్టాలి. డాడ్‌గాడ్‌కు 12-53 సెట్ తీసి 13-56 మీడియం సెట్ వేయండి. డి లో 56 గేజ్ తీగ, మామూలు శ్రుతిలో 53 గేజ్ ఇచ్చే బిగువులో 89 శాతం దాకా ఇస్తుంది. డి కి దిగిన 13 గేజ్ మొదటి తీగ 93 శాతం ఇస్తుంది. ఇక చేతికి పెద్దగా తేడా తెలియదు.

ఓపెన్ సి కి సెట్టుగా కొనడం కంటే విడి తీగలు తెచ్చుకోవడం మేలు. పై నుంచి కిందికి 12, 15, 24, 35, 46, 62, లేదా దగ్గర్లో దొరికినవి. రెండో తీగ 16 కు బదులు 15 ఎందుకంటే అది బి నుంచి సి కి ఎక్కుతోంది. 15 వేస్తే బిగువు మామూలుగానే ఉంటుంది, లేకపోతే 12 శాతం పెరుగుతుంది.

తీగలు మార్చి వదిలేస్తే కుదరదు. 62 గేజ్ తీగ పాత నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో కూర్చోదు, అంచుల మీద ఎక్కి నిలబడుతుంది. గాడిని ఆకురాయితో వెడల్పు చేయించాలి. మళ్లీ మామూలు శ్రుతికి రావాలనుకుంటే వెడల్పైన గాడిలో 53 గేజ్ తీగ ఆడుతుంది. అందుకే రెండో నట్ ఒకటి చేయించుకుని పాతది కవర్లో వేసి దాచుకోవడం మంచిది. మొత్తం బిగువు తగ్గితే మెడ వెనక్కి లాక్కుని రిలీఫ్, అంటే మెడకు ఉండాల్సిన కొద్దిపాటి వంపు, పోతుంది, మొదటి ఫ్రెట్లలో గరగర మొదలవుతుంది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) కొద్దిగా వదులు చేయాలి, పావు తిప్పు కంటే ఎక్కువ ఒక్కసారిగా వద్దు. శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీని) మామూలు శ్రుతికి తగ్గట్టు అరగదీసి ఉంటారు కాబట్టి లావు తీగ పన్నెండో ఫ్రెట్‌లో హెచ్చు పలుకుతుంది. కొత్త శాడిల్ పెట్టించుకోవడం చిన్న ఖర్చే.

ఈ మొత్తానికి అయ్యేది తీగలూ ఒక సెటప్పూ. రెండు నెలలు దీని మీద వాయించండి. ఆ తర్వాత కూడా మందర తీగ బురదగానే ఉందనిపిస్తే అప్పుడు రెండో దారి చూడండి. నేను ఈ పరీక్ష ఒక పాత చవక గిటార్ మీద చేశాను. డాడ్‌గాడ్ విషయంలో అక్కడితోనే ఆగిపోయాను.

బారిటోన్, లేదా నిటారు మెట్ల పొడుగు స్కేల్

బారిటోన్ అంటే కింది శ్రుతి కోసం పొడుగు స్కేల్‌తో చేసే గిటార్. టేలర్ కంపెనీ బారిటోన్‌ల స్కేల్ 27 అంగుళాలు. ఇలాంటి గిటార్లకు మొదటి తీగ 16 నుంచి ఆరో తీగ 70 దాకా ఉండే సెట్లు వేస్తారు. బి లో శ్రుతి చేసి పాడేవాళ్లకు, గాత్రం కింద మందరంగా నిలబడే తోడు కావాలనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. పెద్ద కంపెనీలు తయారుచేస్తాయి, వాయించి చూసి కొనొచ్చు, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాడు దొరుకుతాడు. శ్రుతి పెంచడానికి మెడకు బిగించే కేపో ఏదైనా పనిచేస్తుంది.

ఇబ్బంది పై తీగల్లో వస్తుంది. ఓపెన్ సి లో మొదటి తీగ ఇ లోనే ఉండాలి. 27 అంగుళాల మీద ఇ కి బిగిస్తే 12 గేజ్ తీగ బిగువు 13 శాతం పెరుగుతుంది. 11 గేజ్‌కు దిగితే బిగువు సరిపోతుంది గానీ నాదం సన్నబడుతుంది. వేళ్ల సాగింపు సంగతి కూడా ఉంది. నట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం 25.4 స్కేల్ మీద 133 మిల్లీమీటర్లు, 28.5 మీద 149. చిన్న చేతులవాళ్లకు ఈ తేడా మణికట్టులో తెలుస్తుంది.

ఫ్యాన్ ఫ్రెట్: విసనకర్ర విప్పి చూస్తే

ఏటవాలు మెట్లు కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దపు ఆర్ఫారియన్ వాద్యాల్లోనే ఇవి ఉన్నాయి. మన కాలంలో గిటార్లు చేసే రాల్ఫ్ నొవాక్ 1989లో పేటెంట్ తీసుకుని వీటిని మళ్లీ తెచ్చాడు. గిటారిస్ట్ చార్లీ హంటర్ ఎనిమిది తీగల నొవాక్స్ గిటార్ మీద బేస్‌నూ గిటార్‌నూ ఒక్కడే వాయించి చూపించాడు. అకూస్టిక్‌లో గిటారిస్ట్ ఆండీ మెకీ చేతిలోని గ్రీన్‌ఫీల్డ్ గిటార్ చూసి ఎంతమందికి ఈ పిచ్చి పట్టిందో.

పేటెంట్ గడువు తీరిపోవడంతో ఇప్పుడు దీన్ని ఎవరైనా చేయొచ్చు. దుకాణంలో రెడీమేడ్‌గా దొరికేవాటిలో విసనకర్ర కొంచెమే విచ్చుకుని ఉంటుంది. చేతికి అలవాటవుతుందో లేదో చూసుకోవడానికి అవి మంచివి. సి దాకా దిగే ఉద్దేశం ఉంటే వాటిలోని చిన్న తేడా మీకు పెద్దగా ఉపయోగపడదు.

కస్టమ్ చేయించుకునేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఏ ఫ్రెట్ నిటారుగా ఉండాలన్నది. మిగతావన్నీ దానికి ఇటూ అటూ వాలుతాయి. మందర తీగ 26.5, పై తీగ 25 అనుకుందాం, తేడా 38 మిల్లీమీటర్లు. ఏడో ఫ్రెట్ నిటారుగా ఉంటే నట్ దగ్గర వాలు 13 మిల్లీమీటర్లలోపు, బ్రిడ్జ్ దగ్గర 25. పన్నెండో ఫ్రెట్ నిటారుగా పెడితే రెండు చోట్లా 19. బ్రిడ్జ్ కాస్త తక్కువ వాలుతుంది కాబట్టి చేసేవాళ్లకు ఈ రెండోది సులువు. కానీ మొదటి ఫ్రెట్ దగ్గర వాలు దాదాపు 17 మిల్లీమీటర్లు అవుతుంది. నా స్నేహితుడొకడు అలాంటిది చేయించుకున్నాడు. చూడటానికి మహా అందంగా ఉంది. మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ బారె (ఒకే వేలితో తీగలన్నీ నొక్కే పట్టు) పట్టబోతే నా మోచెయ్యి పక్కవాడికి తగిలింది. రెండో ఫ్రెట్‌లో కేపో పెడితే వెనకవైపు మెడ మీద కూర్చోకుండా జారింది. ఓపెన్ శ్రుతుల్లో వాయించేవాడికి కేపో లేకపోతే గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చుకునే దారే ఉండదు. ఆ గిటార్ ఇప్పుడు కేపో లేకుండానే బతుకుతోంది.

ఏడో ఫ్రెట్ నిటారుగా ఉన్నదాంట్లో మొదటి ఫ్రెట్ దగ్గర వాలు 10.5 మిల్లీమీటర్లే. ఎడమ చెయ్యి నట్ వైపు వెళ్లినప్పుడు వేళ్లు సహజంగానే ఆ దిక్కుకు తిరుగుతాయి, రెండు వారాల్లో అలవాటైపోతుంది. మూడు నుంచి తొమ్మిదో ఫ్రెట్ దాకా మామూలు కేపో బాగానే కూర్చుంటుంది. దానికి కింద మాత్రం కేపోను కాస్త ఏటవాలుగా పెట్టాలి, లేదా గుండ్రంగా తిరిగే రబ్బరు మెత్త ఉన్నది వాడాలి. ఏడు దాటాక వాలు ఎదురు దిశలోకి తిరుగుతుంది, పన్నెండు దాటాక అది బాగా తెలుస్తుంది. అక్కడ తీగలన్నీ ఒకేసారి నొక్కి కార్డ్‌లు వాయించేవాళ్లకు ఇబ్బందే. నేను ఆ ఎత్తున వాయించేది మొదటి రెండు తీగల మీద మాత్రమే కాబట్టి నాకు పట్టలేదు.

పాత గిటార్‌కు ఫ్యాన్ ఫ్రెట్ పెట్టించవచ్చా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. బ్రిడ్జ్ వాలితే దాని కింది బ్రిడ్జ్ ప్లేట్, ముందు చెక్క కింద ఎక్స్ ఆకారంలో ఉండే బద్దలు, వీటి అమరిక అంతా మారాలి. ఫ్రెట్‌బోర్డ్ ఒక్కటి మార్చితే కథ ముగియదు.

చేయించుకునేముందు

వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల పద్ధతి వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. కాకపోతే వీణకూ గిటార్‌కూ ఒక తేడా ఉంది. వీణ మెట్లు మైనం మీద ఉంటాయి, మేళం కట్టేవాడు ఒక్కో మెట్టునూ చెవితో సరిచూసి నిలబెడతాడు, పాతబడితే విప్పి మళ్లీ కడతాడు. గిటార్ మెట్ల గాడి ఒకసారి కోస్తే ఇక అంతే. స్కేల్ పొడవులు, నిటారు ఫ్రెట్ కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

మీ శ్రుతినీ తీగల గేజ్‌లనూ మొదటి రోజే చెప్పండి. చేసేవాడు ముందు చెక్కను ఎంత పల్చగా దింపాలో, బద్దలను ఎంత చెక్కాలో ఆ బిగువును బట్టి నిర్ణయిస్తాడు. సి లోనే ఎప్పుడూ ఉండే గిటార్‌ను మామూలు శ్రుతికి తగ్గట్టు బిగుతుగా కడితే మందరం లోపలే ఉండిపోతుంది. రెంటికీ పనికొచ్చేలా చేయమంటే రెంటికీ కొంచెం కొంచెమే పనికొస్తుంది. శాడిల్ కింద పెట్టే పికప్ వాడేవాళ్లు ఏటవాలు శాడిల్‌లో అది సరిపోతుందో లేదో ముందే అడగాలి. బ్రిడ్జ్ ప్లేట్‌కు లోపల అంటించే రకానికి ఆ బెడద లేదు.

బయటి దేశం నుంచి తెప్పిస్తే చెక్క సంగతి కూడా చూసుకోండి. ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, దాని జాతి మొత్తంతో కలిసి 2017 జనవరిలో సైటిస్ (అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతుల జాబితాలోకి వెళ్లింది. తయారైన వాద్యాలకు 2019 నవంబర్ నుంచి మినహాయింపు వచ్చింది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు. ఎంత అందంగా ఉన్నా కాగితాల గొడవ పడే ఓపిక లేకపోతే దాని జోలికి పోవద్దు. కస్టమ్స్ సుంకం, పన్నులు గిటార్ ధరకు అదనం. అవి ఎంతవుతాయో ముందే కనుక్కున్నాక ధర మాట్లాడుకోండి.

గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే గదిలో కట్టిన గిటార్ మే నెలలో హైదరాబాద్ వస్తే ఎండిపోతుంది, విశాఖ వెళ్తే ఉబ్బుతుంది. పల్చటి చెక్కతో కట్టిన కస్టమ్ గిటార్లలో ఈ తేడా ఇంకా త్వరగా యాక్షన్‌లో, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తులో, కనిపిస్తుంది. పెట్టెలో ఒక తేమ కొలిచే మీటర్ ఉంచుకోండి, ఎండాకాలంలో తేమనిచ్చే ప్యాకెట్లు వేయండి.

నా సంగతి చెప్పాలంటే, డాడ్‌గాడ్ పాత గిటార్ మీద మీడియం సెట్‌తో నడుస్తోంది. ఓపెన్ సి కి, సి జి డి జి సి డి కి 26.5, 25 స్కేల్‌లతో, ఏడో ఫ్రెట్ నిటారుగా ఒకటి చేయించుకున్నాను. ఆరో తీగ 60. గిటార్ పెట్టుకునే పెట్టె మాత్రం రెండుసార్లు కొన్నాను. మొదటిది డ్రెడ్‌నాట్ అనే మామూలు పెద్ద గిటార్ కొలత, పొడవైన మెడ వల్ల హెడ్‌స్టాక్ చివర పట్టలేదు. మీరు గిటార్‌తో పాటే పెట్టె కూడా చేయించేయండి.